పోస్టుకార్డు చంపినవాళ్ళు

నా మొదటి ఉద్యోగంలో నేను చచ్చినవాళ్ళను లెక్కపెట్టేవాణ్ణి. ఎవరైనా అడిగితే మాత్రం బతికినవాళ్ళను లెక్కపెడుతున్నానని చెప్పేవాణ్ణి. రెండూ ఒకటే, మధ్యలో ఒక తీసివేత, అంతే. కానీ పెళ్ళిచూపుల్లో మొదటి మాట చెబితే పిల్ల తండ్రి కాఫీ గ్లాసు కింద పెట్టేసేవాడు. అలా రెండు సంబంధాలు పోయాయి.

అరవైల చివర కృష్ణా జిల్లా నుంచి స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని హైదరాబాదు వచ్చి, ఒక పెద్ద దవాఖానలో క్యాన్సర్ విభాగంలో చేరాను. ఆ దవాఖాన పేరు చెప్పను. చెప్పబోయే తప్పు నాది, దానిది కాదు. మెట్ల కింద ఒక గది ఇచ్చారు. అందులో పాత కేసు కాగితాలు, ఒక బల్ల, చేత్తో తిప్పే లెక్కల యంత్రం, నేను. ఆయాలు నన్ను "లెక్కల సారు" అనేవారు. డాక్టర్లు నన్ను ఏమీ అనేవారు కాదు, నేనొకణ్ణి అక్కడ ఉన్నానని వాళ్ళకు తెలియదు కాబట్టి.

తెలిసింది ఒక్క పెద్ద డాక్టరమ్మకే. ఆ విభాగానికి ఆవిడే అధిపతి. పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి, కోపమొస్తే తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించేది. చేరిన మూడో రోజున నన్ను పిలిపించింది.

"చూడవయ్యా, కరెంటు పెడుతున్నం, రేడియం పెడుతున్నం, బాగైందని చెప్పి ఇంటికి తోలుతున్నం. నిజంగ బాగైనోళ్ళు ఎంతమందో నాకు తెల్వది. నువ్వు చెప్పు. ఊకె చెప్పకు, లెక్క చూపియ్యి."

ఆవిడ భాషలో కరెంటంటే రేడియేషను. లెక్క కష్టమేమీ కాదు. వైద్యం అయిన రోజు నుంచి మొదలుపెట్టాలి. ఏడాది మొదట్లో ఉన్నవాళ్ళలో ఏడాది చివరకు ఎంతమంది మిగిలారో ఆ వంతు తీయాలి. దాన్ని రెండో ఏడాది వంతుతో గుణించాలి, వచ్చినదాన్ని మూడో ఏడాదితో. గళ్ళ కాగితం మీద గీస్తే మెట్లు మెట్లుగా కిందికి దిగే గీత వస్తుంది. నయంకానివాళ్ళు పోతున్నంత కాలం గీత దిగుతుంది. వాళ్ళంతా అయిపోయాక ఇక దిగడానికి ఎవరూ ఉండరు కాబట్టి చదునవుతుంది. ఆ చదును ఎంత ఎత్తున ఆగిందో, నయమైనవాళ్ళ వంతు అంత. దీనికోసం ఎమ్మెస్సీ దాకా చదివించారా అని మా నాన్న అడిగాడు. చదివించారు మరి.

చిక్కల్లా, ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారో పోయారో తెలియడం. అందుకు ఏటా ఒక రిప్లై కార్డు పంపేవాళ్ళం. ఒక సగం మీద మా ప్రశ్న, రెండో సగం వాళ్ళు రాసి చించి తిరిగి పోస్టులో వేయడానికి. నేను రాకముందు అది ఇంగ్లీషులో ఉండేది. నేను రాగానే భాషోద్ధరణకు పూనుకున్నాను. చక్కటి తెలుగులో ఇలా అచ్చు వేయించాను: "పై పేరుగల రోగి బతికి ఉన్నారా, చనిపోయారా? చనిపోయినచో తేదీ, కారణము తెలుపగలరు."

స్పష్టంగా ఉందని నాకు గర్వం. ఒక కార్డు జేబులో పెట్టుకుని మా అక్క ఇంటికి తీసుకెళ్ళి చూపించాను కూడా. అక్కావాళ్ళు అప్పుడు మలక్‌పేటలో కిరాయికుండేవారు. బావగారికి సచివాలయంలో ఉద్యోగం, కూతురు ఇంకా బడిలో చేరలేదు. అక్క ఆ కార్డును చివర పట్టుకుని చదివి నా మీదికి విసిరింది.

"ఇదేం ఉత్తరంరా, ఏడ్చినట్టుంది. పసుపూ కుంకుమా ఉన్న ఇంటికి ఇలాంటిది పంపిస్తారా?"

"ఇది శుభలేఖ కాదక్కా, శాస్త్రం" అన్నాను.

"నీ శాస్త్రం తగలెయ్య" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట పట్టించుకుని ఉంటే ఇంత కథ ఉండేది కాదు. నాకు అప్పట్లో నాకంటే తెలివైనవాళ్ళు కనబడేవారు కాదు. ముఖ్యంగా మా ఇంట్లో.

కార్డులు వరసగా మూడేళ్ళు వెళ్ళాయి. కొన్ని తిరిగి వచ్చాయి. చాలా రాలేదు. రానివాళ్ళను ఏం చేయాలో నాకంటే ముందున్న గుమాస్తా ఒక పద్ధతి పెట్టి పోయాడు. మూడు కార్డులకు జవాబు లేకపోతే రిజిస్టరులో "మరణం" అని రాసేయడమే. ఆఖరిసారి కబురు తెలిసిన రోజు దాకా ఆ మనిషిని లెక్కలో ఉంచి, ఆపైన పక్కకు తప్పించాలని, అది కూడా తప్పిపోయినవాళ్ళూ మిగిలినవాళ్ళూ ఒకే రకం వాళ్ళయితేనే చెల్లుతుందని పుస్తకంలో ఉంది. నేను చదివాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ రిజిస్టరు నిండుగా, ఖాళీలు లేకుండా కనబడుతుంటే ముచ్చటేసి గుమాస్తా పద్ధతినే ఉంచేశాను.

దాంతో గీత దిగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. మూడో ఏడు, అయిదో ఏడు, ఏడో ఏడు, దిగుతూనే ఉంది. చదునన్న మాటే లేదు. అది ఎక్కడ చేరిందో ఆ అంకె ఇక్కడ రాయను, ఇప్పటికీ ఎవరైనా నమ్మే ప్రమాదం ఉంది. దాని అర్థం మాత్రం మా దగ్గర నయమయ్యేవాళ్ళు లేనట్టే లెక్క. పెద్ద డాక్టరమ్మ ఆ కాగితం చూసి, మడిచి నా చేతికే ఇచ్చేసింది. నేనేమో అదే కాగితం మలక్‌పేట తీసుకెళ్ళి, భోజనాల దగ్గర బావగారికి వివరించాను. అప్పడం ముక్కలు విరిచి మెట్లు చూపించాను. బావగారు దస్త్రాల మనిషి, అంకె కనబడితే నమ్మేస్తారు. "అబ్బో, చాలా శాస్త్రీయంగా ఉందోయ్" అన్నారు. ఇంట్లో ఒకరికైనా నా గొప్పతనం తెలిసిందని నేను పొంగిపోయాను.

రెండు నెలలు తిరగకుండా మా అక్కకు అదే జబ్బు బయటపడింది. గర్భసంచి మూతి దగ్గర. ముదరలేదు, వెంటనే కరెంటూ రేడియమూ పెడితే మంచిదంది పెద్ద డాక్టరమ్మ. సోమవారం పొద్దున వచ్చి చేరమంది. రాకపోతే ఆ మంచం వేరే వాళ్ళకు ఇచ్చేయాల్సి వస్తుందని, మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పలేనని కూడా అంది. అది గురువారం.

ఆ సాయంత్రం బావగారు నన్ను వరండాలో కూర్చోబెట్టారు.

"నువ్వే చూపించావుగా ఆ గీత. అందరూ పోయేవాళ్ళే అయినప్పుడు దాన్ని అన్నేసి వారాలు కాల్పించడం ఎందుకు? మా పెదనాన్నగారి ఊళ్ళో పసరు ఇచ్చే ఆయన ఉన్నాడు. నొప్పీ బాధా లేకుండా ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఉంటుంది. పిల్ల కళ్ళెదుట ఉంటుంది."

ఆయన దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడైతే దెబ్బలాడేవాణ్ణి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. నా అంకెను నమ్మినవాడు ప్రపంచంలో ఆయనొక్కడే, ఆ నమ్మకంతోనే మా అక్కను చంపబోతున్నాడు. నేను లేచి లోపలికి వెళ్ళాను.

లోపల అక్క కూతురి జడ వేస్తూ ఉంది. నా వైపు చూడకుండానే అడిగింది. "ఒరేయ్, నీ లెక్క నిజమేనా?"

"చూసి చెబుతాను" అన్నాను. లెక్క అయ్యాక చూడ్డమేమిటని ఆమె అడగలేదు.

శుక్రవారమంతా రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. నేను "మరణం" అని రాసినవాళ్ళలో ఎంతమంది చచ్చారని నాకు కబురు తెలిసింది, ఎంతమంది జవాబు రాయక చచ్చారు అని విడదీశాను. మొదటి రెండేళ్ళలో పోయినవాళ్ళకు జవాబులున్నాయి, తేదీలతో, కారణాలతో. మూడో ఏడు తర్వాత పోయినవాళ్ళలో దాదాపు అందరూ జవాబు రాయక పోయినవాళ్ళే. మా దవాఖానలో జబ్బు చంపినవాళ్ళకంటే పోస్టుకార్డు చంపినవాళ్ళే ఎక్కువగా కనబడుతున్నారు.

అలా పోస్టుకార్డు చంపినవాళ్ళలో ఒకే దిక్కున ఉన్నవాళ్ళను ముగ్గుర్ని ఎంచుకున్నాను. ఒకామె హఫీజ్‌పేట్, ఒకాయన గచ్చిబౌలి, ఇంకొకామె తెల్లాపూర్. శనివారం పొద్దున నాంపల్లిలో పాసింజరు బండెక్కి, సైకిలు కూడా ఎక్కించి, హఫీజ్‌పేట్‌లో దిగాను. అప్పట్లో అక్కడ దిగడానికి నాలాంటి పనిలేనివాళ్ళు, పాల క్యాన్లవాళ్ళు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. స్టేషను దాటితే రాళ్ళూ సీతాఫలం చెట్లూ.

ఇల్లు అడుగుతూ వెళ్ళాను. ఆ ఇంటి ముందు ఒకావిడ బర్రె కొమ్ము పట్టుకుని గుంజుతోంది. బర్రె రానంటోంది, ఆవిడ రావాలంటోంది. నేను కార్డు మీది పేరు చదివి, ఆ మనిషి ఇల్లు ఇదేనా అని అడిగాను.

"నేనే. ఏం గావాలె?"

రిజిస్టరులో ఆవిడ చచ్చి ఆరు నెలలు. నాకు ఏం అడగాలో తోచక, "బాగున్నారా అమ్మా?" అన్నాను.

"బాగ లేకుంటె దీన్ని ఎట్ల గుంజుతున్న? కండ్లు గనవడ్తలేవా సారూ?"

దవాఖాన నుంచి వచ్చానని, మూడు కార్డులు రాశామని చెప్పాను. ఆవిడ ముందు బర్రెను కట్టేసి వచ్చింది. కొంగు నడుముకు చుట్టుకుంది. అప్పుడు మొదలుపెట్టింది.

"గా కార్డు నువ్వే పంపినవా? మంచిగున్న మనిషి ఇంటికి సచ్చిందా అని జాబు రాస్తరా ఎవరన్న? సదువుకున్నోనివేనా నువ్వు? నా అల్లుడు గడప అవుతలనే సదివి చింపి పారేసిండు. నన్ను నెత్తిమీద నీళ్ళు పోసుకొమ్మన్నడు. ఇల్లంత అలికిచ్చిండు. గట్ల మూడు పారీలు. మూడోపారి చలికాలం, గా నీళ్ళకు జరమొచ్చి వారం రోజులు పండుకున్న. మీ బీమారి నన్ను సంపలే గని మీ కార్డు సంపుతుండె."

"మరి కొందరు జవాబు రాస్తున్నారు కదమ్మా."

"రాస్తరు. పోయినోళ్ళ ఇంట్ల రాస్తరు. ఇగ వాళ్ళకు భయమేంది?"

నేను అరుగు మీద కూలబడ్డాను. చావు కబురు మోసుకొచ్చిన ఉత్తరం ఇంట్లో ఉంచకూడదని నాకు తెలియక కాదు. మా అమ్మ అలాంటి కార్డు వస్తే గేటు దగ్గరే చదివించుకుని, అక్కడే చింపించి, నూతి దగ్గరికి వెళ్ళి తల మీద నీళ్ళు పోసుకున్నాకే లోపలికి వచ్చేది. ఇరవై ఏళ్ళు అది చూస్తూ పెరిగాను. ఆ తర్వాత ఎమ్మెస్సీ చదివి, జిల్లాల నిండా చావు ఉత్తరాలు అచ్చు వేయించి పంపాను. బతికినవాళ్ళు చింపేశారు. చచ్చినవాళ్ళ తరఫున జవాబు వచ్చింది. చింపినవాళ్ళను నేను చంపేశాను. నా అంత గాడిద ఆ రాళ్ళల్లో ఇంకోటి లేదు.

ఆవిడ నా మొహం చూసి లోటాతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "ఏమైంది బిడ్డా, గంత పరేషాన్ అయితున్నవు?" అంది. మా అక్క సంగతి చెప్పాను.  నేను సైకిలెక్కుతుంటే, "జర మీ అక్కను తోల్కరా, నన్ను సూపియ్యి" అంది.

గచ్చిబౌలికి సైకిలు తొక్కడం కంటే మోయడమే ఎక్కువైంది. అక్కడ నా రెండో మృతుడు గుట్ట దగ్గర రాయి కొడుతున్నాడు. నాలుక మీద పుండుకు వైద్యం చేశారు, మాట ముద్దగా వస్తుంది. కార్డు సంగతి అడిగితే సుత్తె కింద పెట్టి నవ్వాడు. వాళ్ళమ్మ మూడు కార్డులూ పొయ్యిలో పెట్టిందట. "నేనున్ననని రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. ఇద్దరికి ఇద్దరూ బతికి ఉండేసరికి నాకు ఒళ్ళు తేలికై, తెల్లాపూర్ దారిలో ఈల కూడా వేశాను.

తెల్లాపూర్‌లో తలుపు తీసింది ముసలాయన. భార్య పేరు చెప్పగానే పక్కకు జరిగి లోపలికి రమ్మన్నాడు. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. జబ్బు తిరగబెట్టిందట.

"మేం మూడు కార్డులు పంపాం, పెద్దాయనా. రాయలేదేం?"

ఆయన గోడ గూట్లోంచి వాటిని తీసి చూపించాడు. మూడూ ఉన్నాయి. జవాబు రాయాల్సిన సగాలు చించకుండా అలాగే ఉన్నాయి.

"పోయింది అని రాస్తె ఇగ పంపరు గద" అన్నాడు. "ఆమె పేరు మీద వొచ్చే జాబులు గివ్వే. పోస్టాయన ఆమె పేరు సదువుతడు. ఏడాదికి ఒక్కపారన్న పిలుస్తడు."

ఈల వేసిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. రిజిస్టరులో ఆమె ఎదురుగా ఉన్న "మరణం" ఒక్కటే సరైన మాట, అది కూడా గుడ్డిగా తగిలింది. మళ్ళీ పంపుతానని మాత్రం చెప్పి వచ్చాను.

సాయంత్రం దవాఖానకు చేరేసరికి పెద్ద డాక్టరమ్మ వెళ్ళబోతోంది. నిలబెట్టి అంతా చెప్పాను. బతికిన ఇద్దరి గురించి ఎక్కువసేపు, పోయినామె గురించి తక్కువసేపు చెప్పానని ఆవిడ కనిపెట్టింది.

"మూడు ఊర్లు తిరిగినవు, ముగ్గుర్ని సూసినవు. గంతమాత్రానికి అందరు బతికుండ్రు అని రాస్తవా?"

"లేదమ్మా. పాత అంకె తప్పని రాస్తాను."

"మరి కొత్త అంకె?"

"తెలియదు."

"శభాష్" అంది. "చేరినప్పటి సంది నువ్వు చెప్పిన మొదటి నిజం గిదే."

ఆదివారం పొద్దున మలక్‌పేట వెళ్ళాను. దారి పొడుగునా బావగారికి ఇవ్వడానికి ఒక మంచి అంకె తయారుచేస్తూ వచ్చాను. ముగ్గురిలో ఇద్దరు అని చెప్పొచ్చు, నమ్మేస్తారు. సంచి సర్దేసి ఉంది. రాత్రి బండికి పెదనాన్నగారి ఊరు ప్రయాణం.

"బావగారూ, ఆ గీత తప్పు" అన్నాను. "నేనే తప్పు గీశాను. బతికున్నవాళ్ళను చచ్చారని రాశాను."

"అయితే అసలు ఎంతమందికి నయమవుతుంది?"

నాలుక చివరి దాకా వచ్చిన అంకె మింగేశాను. "నాకు తెలియదు" అన్నాను.

"తెలియదంటే? నీ ఉద్యోగమే అది కదటోయ్."

"అవునండి. అయినా తెలియదు. పోయేవాళ్ళు పోతున్నారు, నిన్న ఒక ఇంట్లో చూసి వచ్చాను. కానీ అందరూ పోవడం లేదు. అది మాత్రం కళ్ళతో చూశాను."

బావగారికి నిజంగా కోపం వచ్చింది. మొన్న ఒక మాట, ఇవాళ ఇంకో మాట, మనుషుల ప్రాణాలంటే నీకు గళ్ళ కాగితాల ఆటా అన్నారు. ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. నేను తల వంచుకుని నిలబడ్డాను. అప్పుడు అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది.

"కళ్ళతో ఎవర్ని చూశావురా?"

హఫీజ్‌పేట్ ఆవిడ గురించి చెప్పాను. బర్రె, కొంగు నడుముకు చుట్టడం, నన్ను తిట్టిన తిట్లు, మజ్జిగ.

"ఆవిడకీ ఇదే జబ్బా?"

"ఇదే."

"నాకు చేస్తామన్నదే చేశారా?"

"అదే, ఆ డాక్టరమ్మే."

"ఎన్నాళ్ళైంది?"

"ఆరేళ్ళు దాటింది."

అక్క కాసేపు కాలి వేళ్ళు చూసుకుంది. "ఆవిడ కార్డు గురించి అన్న మాటే నేనూ అన్నాను" అంది. "నేను చెబితే విన్నావు కాదు." ఆ తర్వాత లేచి, సంచిలోంచి బావగారి బట్టలు తీసేసి, తన చీరలు రెండు ఎక్కువ పెట్టుకుంది. "రేపు పొద్దున ఎన్నింటికి వెళ్ళాలి?"

బావగారు ఆ పూట అన్నం తినలేదు. సోమవారం రిక్షాలో అక్క పక్కన కూర్చుని వచ్చింది మాత్రం ఆయనే.

ఆ వారాలు ఎలా గడిచాయో రాయడం నాకు చేతకాదు. అక్క సగమైంది. వాంతులు, మంట, తిండి సయించకపోవడం. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "ఆ బర్రె ఆవిడ నిజంగా ఉందా, నువ్వు కల్పించావా?" అని అడిగింది. ఒట్టేశాను. లేచి తిరగగలిగాక మొదట అడిగిన ప్రయాణం హఫీజ్‌పేట్‌కే. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఎక్కడెక్కడ కాలిందో ఏమేం తినకూడదో మా ఎదుటే మాట్లాడుకుంటుంటే నేనూ బావగారూ వెళ్ళి బర్రె దగ్గర నిలబడ్డాం. ఏడాది తిరక్కుండా అక్క పట్టుబట్టి కాపురం అక్కడికే మార్పించింది. బావగారు రోజూ పాసింజరులో ఆఫీసుకు వెళ్ళొచ్చేవారు, పాలు ఆవిడ దగ్గరే.

కార్డు కూడా మారింది. ఆలోచన నాది కాదు, అక్కది. "క్షేమమేనా?" అని ఒక్క ముక్క అడగమంది. నాలుగు మూలలా పసుపు రాయమంది. దవాఖాన కార్డుకు పసుపేమిటని పైనుంచి ఒక లేఖ వచ్చింది. పెద్ద డాక్టరమ్మ దాన్ని చదివి, నాలుగుగా మడిచి, ఊగుతున్న తన బల్ల కాలి కింద పెట్టింది. ఆయాలు మధ్యాహ్నాలు కూర్చుని గిన్నెలో పసుపు కలిపి కార్డుల మూలల మీద వేలు అద్దేవారు. మెట్ల కింద నా గది పెళ్ళివారిల్లులా ఉండేది.

చచ్చినవాళ్ళు జవాబులు రాయడం మొదలుపెట్టారు. క్షేమం అన్నారు, మనవడు పుట్టాడన్నారు, మోకాళ్ళ నొప్పికి మందు పంపమన్నారు. పసుపుకు కూడా కదలనివాళ్ళను వెతుక్కుంటూ నేనే సైకిలు మీద తిరిగాను. రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత గళ్ళ కాగితం పరిచి మళ్ళీ గీశాను. గీత మొదట్లో గబగబా దిగింది, అది దాచేది కాదు. మూడో ఏడు దగ్గర నెమ్మదించింది. అయిదో ఏడు నుంచి చదునుగా, చాప పరిచినట్టు వెళ్ళింది. నేను నాలుగుసార్లు లెక్క సరిచూసి, కాగితం పట్టుకుని పెద్ద డాక్టరమ్మ గదికి పరిగెత్తాను.

"అంటే వీళ్ళిగ చావరా?" అంది నవ్వుతూ.

"చస్తారమ్మా. కానీ ఈ జబ్బుతో కాదు. మిగతా జనం ఎలా చస్తారో అలాగే చస్తారు. లెక్కలో నయం కావడమంటే అదే."

"మంచి వరమే ఇచ్చినవ్ పో" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

అక్కకు కూడా ఏటా కార్డు వెళ్ళేది. పక్షపాతం ఉండకూడదు కదా. ఆవిడ జవాబుకు ఎప్పుడూ చోటు చాలేది కాదు. "క్షేమమే. ఆదివారం రా. గోంగూర తెప్పించాను. నీ చొక్కా ఇక్కడే మరిచిపోయావు, మతిమరుపుకు కరెంటు పెడతారేమో మీ డాక్టరమ్మను అడుగు." వీటన్నిటినీ కేసు కాగితాలతో పాటు దారం కట్టి భద్రపరచడం నా ఉద్యోగ ధర్మం. తొమ్మిది కార్డులున్నాయి.

డెబ్భైల చివర ఒక వానాకాలం అక్కకు ఏదో విషజ్వరం వచ్చింది. నాలుగే రోజులు. అయిదో రోజు పొద్దున పోయింది. కూతురు అప్పటికి ఇంటరు చదువుతోంది. పెద్ద డాక్టరమ్మ స్వయంగా వచ్చి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, "మన బీమారి కాదయ్యా" అంది. ఆ మాట నాకు చెప్పాలని ఆమెకు ఎందుకు అనిపించిందో ఇద్దరికీ తెలుసు. అక్కకు నయమైందని ఆ రోజు ఖాయమైంది. ఆ శాస్త్రాన్ని తగలెయ్యాలనిపించింది.

హఫీజ్‌పేట్ ఆవిడ వచ్చి అక్క పాదాల దగ్గర కూర్చుంది. "నేనున్న, గామె పోయింది. గిదేం లెక్క బిడ్డా?" అని నన్నే అడిగింది. 

ఆ ఏడు కార్డులు రాసేటప్పుడు వరసలో అక్క పేరు వచ్చింది. నేనేం చేయాలో నాకు బాగా తెలుసు. ఆ పద్ధతి పెట్టింది నేనే. మరణం, వేరే కారణం, తేదీ. వరస ముగించి కింద గీత గీయాలి. నేను ఒక కార్డు తీసుకుని ఆమె పేరు, ఊరు రాసి, నాలుగు మూలలా పసుపు అద్ది పోస్టులో వేశాను.

బావగారు జవాబు రాయలేదు. దస్త్రాల మనిషి, ఏ కాగితానికీ జవాబు బాకీ పెట్టని మనిషి. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం వెళ్ళినప్పుడు అద్దం పక్క గూట్లో ఆ కార్డు కనబడింది. చించని సగంతో, పసుపు మూలలతో, అక్క పేరు పైకి ఉండేటట్టు నిలబెట్టి ఉంది. నేను చూడ్డం ఆయన చూశారు. ఇద్దరం ఆ సంగతి ఎత్తకుండా భోజనం చేశాం.

సోమవారం రిజిస్టరు తెరిచి అక్క పేరు ఎదురుగా "జవాబు రాలేదు" అని రాశాను. పెద్ద డాక్టరమ్మ సంతకం పెట్టేటప్పుడు ఆ వరస మీద వేలు ఆపింది, తర్వాత కింది వరసకు వెళ్ళింది. మరుసటి ఏడు కూడా కార్డు పంపాను.